మెదడు వయసు లెక్క: పద్నాలుగు వారాల ప్రాజెక్టు డైరీ

వయసు పెరిగేకొద్దీ మెదడు కుంచించుకుపోతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. అయితే ఒకే వయసున్న ఇద్దరిలో ఒకరి మెదడు ఎక్కువగా, మరొకరిది తక్కువగా కుంచించుకుపోయినట్టు ఎంఆర్ఐ చిత్రంలో కనిపించినప్పుడు, ఆ తేడాకూ వారి జ్ఞాపకశక్తికీ ఆలోచనలోని చురుకుదనానికీ సంబంధం ఉంటుందా అన్నది ఈ ప్రాజెక్టులో నేను పెట్టుకున్న ప్రశ్న. పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ఆరోగ్యవంతుల మెదడు కొలతలను బట్టి వయసును అంచనా వేయడం ఒక కంప్యూటర్ మోడల్‌కు నేర్పిస్తారు; అది చెప్పిన వయసులోంచి అసలు వయసును తీసివేసి, మిగిలిన అంతరానికి అర్థం వెతుకుతారు. నోటుపుస్తకంలో వారంవారం రాసుకున్న వాటిని ఇక్కడ వరుసగా పెడుతున్నాను. తప్పులను కొట్టివేయలేదు, ఎందుకంటే ఈ పనిలో సగం కాలం వాటితోనే గడిచింది.

1వ వారం

ఉచితంగా దొరికే ఓయాసిస్-1 డేటాతో మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. 2007లో విడుదలైన ఈ సేకరణలో 18 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న 416 మంది చిత్రాలున్నాయి. అందరూ కుడిచేతివాటం వారే, అందరినీ 1.5 టెస్లా అయస్కాంత బలమున్న యంత్రంలోనే చిత్రించారు. ఒక్కొక్కరికి ఒకే సిట్టింగ్‌లో మూడు నాలుగు సార్లు టీ1 స్కాన్ (మెదడు నిర్మాణాన్ని చూపే ఒక రకం ఎంఆర్ఐ) తీసి, వాటిని ఒకదానిపై ఒకటి సరిగ్గా అమర్చి, సగటు చిత్రం తయారుచేశారు. 60 దాటినవారిలో 100 మందికి అతి స్వల్పం నుంచి మధ్యస్థం వరకు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే స్థితి) ఉంది. కాబట్టి మోడల్‌కు నేర్పడానికి పనికివచ్చేది 316 మంది.

వయసుల పట్టిక గీసి చూడగానే మొదటి చిక్కు ఎదురైంది. ఇరవైల్లో ఉన్నవారు 119 మంది, డెబ్బైల్లో 83 మంది. ముప్పైల్లో ఉన్నవారు మాత్రం 16 మందే. అంటే ఈ డేటా రెండు గుట్టలూ వాటి మధ్య ఒక లోయా అన్నమాట. యౌవనానికీ వార్ధక్యానికీ తేడా చెప్పడం దీనితో తేలికే గానీ, మార్పు ఏ వయసులో మొదలైంది, ఎక్కడ వేగం పుంజుకుంది అన్నది చెప్పడం కష్టం. తొంభై దాటిన 13 మంది గురించి కూడా ఒక మాట రాసుకున్నాను: ఆ వయసులో పరిశోధన కేంద్రం దాకా వచ్చి, స్కానర్ సొరంగంలో కదలకుండా పడుకోగలిగినవారు ఆ వయసువారందరికీ ప్రతినిధులు కారు.

2వ వారం

ఫైళ్లు తెరవడానికే నాలుగు రోజులు పట్టింది. ఇవి ఎనలైజ్ 7.5 అనే పాత ఫార్మాట్‌లో ఉన్నాయి. ఇప్పుడు అందరూ వాడే నిఫ్టీ ఫార్మాట్ దీని నుంచే పుట్టింది. పాత ఫార్మాట్‌లోని పెద్ద లోపం ఏమిటంటే, చిత్రంలో కుడి ఏది, ఎడమ ఏది అన్నది నమ్మదగ్గ విధంగా ఫైలులో నమోదై ఉండదు. మెదడు కిందామీదా అయితే చూసినవాడికి వెంటనే తెలుస్తుంది. కుడిఎడమలు తారుమారైతే చూడటానికి అంతా సవ్యంగానే ఉంటుంది, ఫలితాలు మాత్రం నిశ్శబ్దంగా అబద్ధమాడతాయి. ఈ భయంతోనే కొన్ని పరిశోధన బృందాలు స్కాన్ చేసేటప్పుడు తలకు ఒక పక్క విటమిన్-ఇ గుళికను టేపుతో అంటిస్తాయి. అందులోని నూనె చిత్రంలో తెల్లటి చుక్కగా మెరుస్తుంది కాబట్టి అది ఏ పక్క అన్న సందేహం ఉండదు.

నా ఫైళ్లలో గుళిక లేదు గనుక మరో దారి వెతికాను. మనిషి మెదడు రెండు వైపులా ఒకేలా ఉండదు: సాధారణంగా కుడి ముందుభాగం కాస్త ముందుకు, ఎడమ వెనుకభాగం కాస్త వెనక్కి పొడుచుకువచ్చి, మొత్తం మెదడు కొద్దిగా మెలితిరిగినట్టు ఉంటుంది. ఒక్క వ్యక్తిని చూసి దీన్ని తేల్చలేము గానీ, వంద మంది కుడిచేతివాటం వారి సగటు చిత్రంలో ఆ మెలిక ఏ వైపుకు ఉందో చూస్తే మార్పిడి సరిగ్గా జరిగిందో లేదో తెలుస్తుంది. నా మొదటి మార్పిడి స్క్రిప్టు అందరినీ అద్దంలో ప్రతిబింబంలా తిప్పేసిందని అలా బయటపడింది. సరిచేయడానికి పట్టింది ఒక్క లైను మాత్రమే.

3 నుంచి 6 వారాలు

మెదడు పైపొర అయిన కార్టెక్స్ మందాన్నీ లోపలి భాగాల ఘనపరిమాణాన్నీ కొలవడానికి ఫ్రీసర్ఫర్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఒక్కో మెదడుకు ఆ ప్రక్రియ యంత్రాన్ని బట్టి ఆరు నుంచి పది గంటలు తీసుకుంటుంది. 416 మంది సెషన్లకు తోడు, 20 మందిని 90 రోజుల లోపు రెండోసారి స్కాన్ చేసిన సెషన్లు కూడా ఉన్నాయి కాబట్టి మొత్తం 436. సగటున ఎనిమిది గంటలనుకుంటే 3,488 గంటలు, అంటే ఒకదాని తరువాత ఒకటి నడిపితే 145 రోజులు. సర్వరులో ఎనిమిదేసి చొప్పున పెట్టుకుంటే 18 రోజుల్లో తేలిపోవాలి.

తేలలేదు. కారణం పూర్తిగా నాదే. ముందు చిన్నవారి చిత్రాలతో అలవాటు పడదామని, వయసు ప్రకారం వరుసపెట్టి పరుగులు మొదలుపెట్టాను. పదకొండో రోజున సర్వరు నిర్వహణలో భాగంగా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారింది, నేను గమనించలేదు. ఫలితాల ఫైళ్లను ఒకచోట చేరుస్తున్నప్పుడు లాగ్‌లో వెర్షన్ సంఖ్య రెండు రకాలుగా కనిపించింది. ఒకే చిత్రానికి ఫ్రీసర్ఫర్ వెర్షన్ మారినా, కంప్యూటరు మారినా, చివరికి ఆపరేటింగ్ సిస్టమ్ మారినా కొలతలు మారతాయని 2012లోనే ఒక అధ్యయనం చూపించింది. ఆ సంగతి చదివి ఉండి కూడా నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, చిన్నవారందరినీ పాత వెర్షన్‌తోనూ పెద్దవారందరినీ కొత్త వెర్షన్‌తోనూ కొలవడం. వయసు వల్ల వచ్చిన తేడా ఏదో, వెర్షన్ వల్ల వచ్చిన తేడా ఏదో ఇక ఏ గణాంక పద్ధతీ విడదీయలేదు. వెర్షన్ల మార్పు యాదృచ్ఛికంగా కొంతమందిపై పడి ఉంటే లెక్కలో కొంత గందరగోళం పెరిగేదంతే; వయసుతో జతకట్టి పడింది కాబట్టి అది అచ్చంగా వార్ధక్యంలాగే కనిపిస్తుంది.

అన్నింటినీ చెరిపి, ఒకే వెర్షన్‌ను కదలకుండా కట్టిపడేసే కంటైనర్‌లో పెట్టి, సెషన్ల వరుసను చీట్లు కలిపినట్టు కలిపి, మళ్లీ మొదలుపెట్టాను. అది నడిచినంత కాలమూ కొత్తగా రాయవలసింది ఏమీ జరగలేదు.

7వ వారం

ఒక్కో మెదడు మీద సాఫ్ట్‌వేర్ గీసిన గీతలు ఎంత సరిగ్గా ఉన్నాయో కంటితో చూసి 0, 1, 2 అని మార్కులు వేయడం ఈ వారం పని. పెద్దవయసు చిత్రాల్లో రెండు రకాల పొరపాట్లు పదేపదే కనిపించాయి. ఒకటి, మెదడును కప్పి ఉంచే మందపాటి పొర అయిన డ్యూరా ముక్కను కార్టెక్స్‌లో భాగంగా లెక్కేయడం. అక్కడ మందం ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. రెండోది, తెల్లపదార్థంలో (నరాల తీగలుండే లోపలి భాగంలో) వయసుతో పాటు ఏర్పడే మచ్చలను బూడిదపదార్థంగా (కార్టెక్స్ వంటి నాడీకణాల భాగంగా) పొరబడటం. ఆ మచ్చలు టీ1 చిత్రంలో నల్లబారి కనిపిస్తాయి కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టలేము. రెండు పొరపాట్లూ ముదిమిలో ఉన్నవారికే ఎక్కువగా పట్టుకుంటాయన్నది అసలు ఇబ్బంది.

వయసు తెలియకుండా మార్కులు వేయాలని ఫైళ్ల పేర్లు దాచిపెట్టుకున్నాను. అదంత తెలివైన జాగ్రత్తేమీ కాదు. మెదడు మధ్యలోని ద్రవం నిండిన గదులు వెడల్పై ఉంటే అది పెద్దవయసు మెదడని చూడగానే తెలిసిపోతుంది. నా కంటికి గంతలు కట్టడం కుదిరే పని కాదు. అందుకే ఓ సహోద్యోగిని బతిమాలి, ఓ అరవై చిత్రాలకు విడిగా మార్కులు వేయించాను. 0కీ 2కీ మధ్య మేమిద్దరం పెద్దగా విభేదించలేదు. 1 దగ్గర మాత్రం తరచూ విభేదించాం.

8వ వారం

ఈ వారం కాగితం మీద చేసిన ఒక చిన్న లెక్క ప్రాజెక్టు మొత్తానికి నా చూపును మార్చింది. కార్టెక్స్ సగటు మందం సుమారు 2.5 మిల్లీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లో చాలా భాగాలు ఏడాదికి దాదాపు అర శాతం చొప్పున తగ్గుతాయని పదేపదే స్కాన్ చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. 2.5 మిల్లీమీటర్లలో అర శాతం అంటే 0.0125 మిల్లీమీటరు. నా చిత్రంలో ఒక్కో వోక్సెల్ పక్క కొలత ఒక మిల్లీమీటరు. అంటే నేను కొలవాలనుకుంటున్న ఏడాది మార్పు చిత్రంలోని అతి చిన్న ముక్కలో ఎనభయ్యో వంతు.

ఇది అసాధ్యమేమీ కాదు. సరిహద్దుకు ఇరువైపులా వెలుగు ఎంత నెమ్మదిగా మారుతోందో చూసి, సాఫ్ట్‌వేర్ వోక్సెల్ లోపలే ఎక్కడో ఒకచోట గీత గీస్తుంది. వేల బిందువుల సగటు తీసుకుంటాం కాబట్టి పొరపాట్లు చాలావరకు ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. అయితే రద్దు కావాలంటే ఆ పొరపాట్లు అటూ ఇటూ సమంగా పడాలి. అన్నీ ఒకే వైపుకు నెట్టే కారణం ఒక్కటున్నా సగటు మనల్ని కాపాడలేదు. అలాంటి కారణం ఒకటి ఉంది, దాని పేరు కదలిక.

9, 10 వారాలు

స్కాన్ నడుస్తున్నప్పుడు తల కదిలితే అంచులు మసకబారి, అలల్లాంటి చారలు ఏర్పడి, కార్టెక్స్ ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది. ఆరోగ్యవంతులను కావాలనే కదలమని చెప్పి స్కాన్ చేసిన 2015 నాటి ఒక అధ్యయనంలో, నిమిషానికి ఒక మిల్లీమీటరు కదలికకు బూడిదపదార్థం దాదాపు 0.7 శాతం తగ్గినట్టు తప్పుగా తేలింది. ఏడాది వార్ధక్యం అర శాతమైతే, కాస్త అసహనంగా పడుకోవడం ఏడాదికి మించిన వార్ధక్యంతో సమానమన్నమాట. పైగా పెద్దవారు చిన్నవారికంటే ఎక్కువ కదులుతారు: నడుం నొప్పి, దగ్గు, గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోలేకపోవడం.

పనిచేస్తున్న మెదడును చిత్రించే ఎఫ్ఎంఆర్ఐలో రెండు మూడు క్షణాలకొక చిత్రం వస్తుంది కాబట్టి తల ఎంత కదిలిందో వాటి నుంచే లెక్కగట్టవచ్చు. నా దగ్గర ఉన్న టీ1 స్కాన్ నిమిషాల తరబడి సాగి ఒకే చిత్రాన్నిస్తుంది; కదలిక జాడ అందులో విడిగా నమోదు కాదు. ఇక్కడే ఓయాసిస్ తీరు కలిసొచ్చింది. సగటు తీయకముందు చిత్రాలను కూడా వారు విడిగా అందుబాటులో ఉంచారు. ఒకే వ్యక్తి మూడు నాలుగు స్కాన్లను ఒకదానిపై మరొకటి అమర్చడానికి ఎంత జరపాలో, ఎంత తిప్పాలో లెక్కిస్తే, స్కాన్లకు నడుమ ఆ తల ఎంత స్థానం మారిందో తెలుస్తుంది. మూడు దిశల్లో జరుగుడు, మూడు అక్షాల చుట్టూ తిరుగుడు, మొత్తం ఆరు అంకెలు. తలను 50 మిల్లీమీటర్ల వ్యాసార్థమున్న గోళంగా భావిస్తే, ఒక డిగ్రీ తిరుగుడు ఉపరితలం మీద దాదాపు 0.87 మిల్లీమీటరు జరుగుడుతో సమానం. అలా ఆరింటినీ కలిపి ఒక్క అంకెగా మార్చాను. స్కాన్ల మధ్య కదలికా, స్కాన్ లోపల కదలికా ఒకటి కావు. అయినా ఒకదానిలో స్థిమితంగా లేని మనిషి రెండో దానిలోనూ అంతేనని అనుకోవడానికి వీలుంది.

వయసుకు ఎదురుగా ఈ అంకెను గీస్తే చుక్కల మబ్బు కుడివైపు పైకి లేచింది. ఆ తరువాత 40 మందిని ఎంచుకుని, ఒక్కొక్కరి మూడు స్కాన్లనూ సగటు తీయకుండా విడివిడిగా ఫ్రీసర్ఫర్‌కు ఇచ్చాను: 120 పరుగులు, ఐదు రోజులు. అదే మనిషి, అదే గంట, అదే మెదడు. అయినా చారలు కనిపించిన స్కాన్‌లో మందం చాలా సందర్భాల్లో తక్కువగా వచ్చింది. గంటలోపు ఎవరి మెదడూ ముసలిదైపోదు. ఈ డేటాతో పాటు ఇచ్చిన 20 మంది పునఃపరీక్ష సెషన్లను విశ్వసనీయతకు కొలమానంగా వాడుకుందామని మొదట అనుకున్నాను, కానీ వారందరూ 35 ఏళ్ల లోపువారే. కుదురుగా పడుకున్న యువకుల్లో కొలత నిలకడగా ఉందని తేలితే, అది డెబ్బై ఐదేళ్ల వ్యక్తి గురించి నాకు ఏమీ చెప్పదు.

కదలిక అంకెను లెక్కలో చేర్చగానే వయసుకూ మందానికీ ఉన్న వాలు కొంత చదునైంది గానీ మాయం కాలేదు. ఎంత చదునైతే న్యాయమో నాకు ఇంకా తేలలేదు. ఎందుకంటే కుదురుగా ఉండలేకపోవడం కూడా కొంతవరకు మెదడు పనే. కదలికను పూర్తిగా తీసివేస్తే దానితో పాటు నిజమైన వార్ధక్యాన్ని కూడా కొంత తీసివేసినట్టే అవుతుంది. అందుకని ఇకపై ప్రతి ఫలితాన్నీ రెండు విధాలుగా, కదలికతోనూ అది లేకుండానూ, పక్కపక్కన రాయాలని నిర్ణయించుకున్నాను.

11, 12 వారాలు

ఎట్టకేలకు మోడల్. 68 కార్టెక్స్ ప్రాంతాల మందాలూ, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ వంటి లోపలి భాగాల ఘనపరిమాణాలూ ఇచ్చి, రిడ్జ్ రిగ్రెషన్ అనే సాదాసీదా గణాంక పద్ధతి‌తో వయసును అంచనా వేయించాను. మొదటి ఫలితం అనుమానం కలిగించేంత బాగుంది. చూస్తే, ఆరోగ్యవంతుల 336 సెషన్లను పది భాగాలుగా విడగొట్టినప్పుడు, రెండుసార్లు స్కాన్ అయిన కొందరి ఒక సెషన్ నేర్చుకునే వైపూ మరో సెషన్ పరీక్షించే వైపూ పడింది. పరీక్షపత్రం ముందే చేతికిచ్చినట్టు అన్నమాట. సెషన్ల వారీగా కాక మనుషుల వారీగా విడగొట్టి మళ్లీ నడిపాను.

తరువాతది ఈ రంగంలో అందరూ కనీసం ఒకసారైనా పడే గొయ్యి. మోడల్ చెప్పిన వయసులోంచి అసలు వయసును తీసివేస్తే, చిన్నవారందరి మెదళ్లూ ఉన్నదానికంటే ముసలివిగా, పెద్దవారందరివీ ఉన్నదానికంటే చిన్నవిగా తేలాయి. ఇందులో జీవశాస్త్రం ఏమీ లేదు. ఏమీ నేర్చుకోలేని మోడల్‌ను ఊహించుకుంటే చాలు: అది ప్రతి ఒక్కరికీ సగటు వయసునే చెబుతుంది. నా 316 మంది సగటు వయసు దాదాపు 45. అప్పుడు ఇరవై ఏళ్లవాడికి అంతరం ప్లస్ 25, డెబ్బై ఐదేళ్ల ఆమెకు మైనస్ 30. ఆమె మెదడు ముప్పై ఏళ్లు చిన్నదని సంబరపడవచ్చు! నిజమైన మోడళ్లలో ఈ వంపు తక్కువగా ఉంటుంది గానీ ఉంటుంది. దాన్ని సరిచేయడానికి, నేర్చుకునే భాగంలో అంతరానికీ వయసుకూ ఉన్న గీతను కనుగొని, పరీక్షించే భాగంలో దాన్ని తీసివేస్తారు. నేనూ అలాగే చేశాను.

పక్కన పెట్టిన డిమెన్షియా ఉన్న 100 మందిపై ఆ మోడల్‌ను ప్రయోగిస్తే, సమాన వయసున్న ఆరోగ్యవంతులకంటే వారి అంతరం సగటున పైనే వచ్చింది. ఇది అనుకున్నదే. అయితే రెండు గుంపుల మబ్బులూ బాగా కలిసిపోయి ఉన్నాయి. అంతరాన్ని చూసి ఏ ఒక్కరి గురించీ ఏమీ చెప్పలేము. ఆరోగ్యవంతులన్న ముద్ర కూడా కొంత జాగ్రత్తగా చూడవలసినదే. మేధాసామర్థ్యంలో లోపమేమీ కనిపించని వృద్ధుల్లో సుమారు 20 నుంచి 30 శాతం మంది మెదళ్లలో అల్జీమర్స్ వ్యాధితో ముడిపడిన అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుని ఉంటుందని పెట్ స్కాన్లు చూపించాయి. ఈ సేకరణలో ఆ స్కాన్లు లేవు.

13వ వారం

ఇక అసలు ప్రశ్న. 60 దాటిన 98 మంది ఆరోగ్యవంతుల్లో అంతరానికీ మేధాసామర్థ్యానికీ సంబంధం ఉందా? చుక్కల చిత్రం చదునుగా ఉంది. ఈ డేటాలో ఉన్న పరీక్ష ఎంఎంఎస్ఈ ఒక్కటే. 1975 నుంచి వాడుకలో ఉన్న 30 మార్కుల పరీక్ష అది. డిమెన్షియాను అనుమానించడానికి పనికివస్తుంది గానీ, ఆరోగ్యవంతులకు 29, 30 రావడం మామూలే. పైకప్పుకు తలలు తగులుతున్న గదిలో ఎవరు ఎంత పొడుగో కొలవలేము.

పరీక్ష మంచిదై ఉన్నా సంఖ్య చాలదు. 98 మందితో లెక్కించిన సహసంబంధం (రెండు కొలతలు ఎంత జతగా మారతాయో చెప్పే అంకె; సున్నా అంటే సంబంధం లేనట్టు) అటు 0.2, ఇటు 0.2 ఊగుతుంది. మెదడు నిర్మాణానికీ మేధాసామర్థ్యానికీ ఉండగల సంబంధం 0.1 ప్రాంతంలో ఉంటే, అది ఈ ఊగులాటలో మునిగిపోతుంది. ఇలాంటి సంబంధాలు నిలకడగా తేలాలంటే వేల మంది కావాలని 2022లో ఒక పెద్ద విశ్లేషణ గట్టిగా వాదించింది. కాబట్టి చదునైన చిత్రాన్ని చూసి సంబంధం లేదని రాసే హక్కు నాకు లేదు. నోటుపుస్తకంలో ఆ పేజీ చివర "ఈ డేటాతో తేలదు" అని మాత్రమే రాసుకున్నాను.

14వ వారం

కామ్-కాన్ అనే మరో సేకరణకు దరఖాస్తు పంపాను. 18 నుంచి 88 ఏళ్ల మధ్య సుమారు 700 మంది, ఒక్కో దశాబ్దానికి దాదాపు సమానంగా. ముప్పైల దగ్గర లోయ ఉండదు. వేగం, జ్ఞాపకశక్తి, కొత్త చిక్కుముడులు విప్పే సామర్థ్యం వంటివాటిని విడివిడిగా కొలిచారు. 700 మందితో ఊగులాట 0.07 ప్రాంతానికి తగ్గుతుంది, 0.1 సంబంధమైతే అంచున నిలబడి కనిపించవచ్చు. స్కానర్ 3 టెస్లా కాబట్టి పాత మోడల్‌ను అక్కడికి మోసుకెళ్లకుండా అక్కడే కొత్తగా నేర్పిస్తాను. డేటా చేతికి రాకముందే ఏ పరీక్షను ఏ కొలతతో పోలుస్తానో, కదలికను ఎలా లెక్కిస్తానో, ఎవరిని ఏ కారణంతో తొలగిస్తానో రాసి, తేదీ వేసి పెట్టుకున్నాను.

ఎదురుచూసే సమయంలో స్క్రిప్టులను ఒకసారి పరీక్షించాలనిపించింది. ఓయాసిస్ పట్టికలో వయసులను తారుమారు చేసి, ఒకరి మెదడుకు మరొకరి వయసును అంటగట్టి, మొదటి నుంచి చివరిదాకా నడిపాను. మోడల్ చెప్పిన వయసులకూ తారుమారు చేసిన వయసులకూ ఏ సంబంధమూ కనిపించలేదు, అలాగే ఉండాలి. ఆ తరువాత 12వ వారంలో చేసిన సవరణను యథాతథంగా వర్తింపజేసి అదే చిత్రాన్ని మళ్లీ గీశాను. చుక్కలన్నీ చక్కటి వాలుగీత మీదికి చేరిపోయాయి. సవరణలో అసలు వయసునే వాడుతాం కాబట్టి, ఏమీ తెలియని మోడల్ కూడా ఆ తరువాత అంతా తెలిసినట్టు కనిపిస్తుంది. నా పాత చిత్రాల్లో రెండింటిలో కచ్చితత్వాన్ని ఇలా సవరణ తరువాత లెక్కించి ఉన్నాను. వాటిని తీసేసి, సవరణకు ముందున్న అంకెలతో మళ్లీ గీస్తున్నాను. తారుమారు వయసుల చిత్రాన్ని ప్రింటు తీసి బల్ల ముందు గోడకు అంటించాను.